మన దగ్గర ఫెయిరీలు లేరా? ఏడేళ్ల పాప అడిగిన ప్రశ్నకు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ పాపకు ఏడేళ్లు, ఉప్పల్‌లో స్కూలు, వచ్చే నెల అక్కడ ‘ఫెయిరీ టేల్ డే’. ఆడపిల్లలంతా రెక్కలు, మెరిసే గౌను, మంత్రదండం తెచ్చుకోవాలన్నారు. దుకాణంలో ఆ రెక్కలు చూసి పాప “అమ్మా, తెలుగులో ఫెయిరీలు లేరా?” అని అడిగింది. రాత్రి పడుకునే ముందు “నిజంగా ఉంటారా?” అని ఇంకోటి అడిగింది. రెండింటికీ ఏం చెప్పాలో తోచడం లేదని రాశారు.

నేను ముప్పై ఏళ్లు డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పాను. జానపద కథలంటే నాకు ప్రాణం. రిటైరయ్యాక మా కాలనీ పిల్లల్ని ఆదివారాలు కూర్చోబెట్టి కథలు చెబుతున్నాను. అందుకే మీ పాప ప్రశ్న చూడగానే జవాబు రాయకుండా ఉండలేకపోయాను. మొదటి ప్రశ్నకు నా జవాబు: ఉన్నారమ్మా, చాలామంది ఉన్నారు. మనం వాళ్లను ఆ పేరుతో పిలవలేదంతే. రెండో ప్రశ్న దగ్గరకు చివర్లో వస్తాను, ఎందుకంటే దానికి ముందు కొన్ని సంగతులు తెలియాలి.

ముందు ఆ రెక్కల సంగతి. పాత కథల్లో ఫెయిరీలకు రెక్కలు లేవు. అంత చిన్నగానూ లేరు. ఐర్లండ్‌లో వాళ్లను ‘ఈస్ షీ’ అంటారు, అంటే గుట్టల్లో ఉండేవాళ్లు అని. మనుషులంత ఎత్తు, మనుషులకంటే అందం. ఒకప్పుడు ఆ దేశాన్ని ఏలిన దేవజాతి యుద్ధంలో ఓడిపోయి నేల కిందికి వెళ్లిపోయిందని, పాత సమాధి దిబ్బలే వాళ్ల ఇళ్ల గుమ్మాలని అక్కడి నమ్మకం. అదే ఐర్లండ్‌లో లెప్రెకాన్ మాత్రం పొట్టివాడే. చెప్పులు కుట్టుకుంటూ, కుండెడు బంగారం దాచుకుని ఉంటాడు. మన లంకెబిందెల కథలు విన్నవాళ్లకు ఆ కుండను కొత్తగా పరిచయం చేయక్కర్లేదు. ఇంగ్లండ్‌లో 1595 ప్రాంతంలో షేక్‌స్పియర్ తన నాటకంలో బఠాణీపువ్వు, సాలెగూడు, ఆవగింజ అని అర్థం వచ్చే పేర్లతో చిట్టి ఫెయిరీలను రంగం మీదకు తెచ్చాడు. ఆ తర్వాత జనం మనసులో వాళ్లు అలాగే చిన్నబోతూ వచ్చారు. సీతాకోకచిలుక రెక్కలు ఇంకా తర్వాతివి, పద్దెనిమిది పంతొమ్మిది శతాబ్దాల బొమ్మలు గీసేవాళ్లు తగిలించినవి. మీరు దుకాణంలో చూసినవి అవే.

ఇంకో మాట. ‘ఫెయిరీ’ అన్న పదానికీ, మన హైదరాబాద్‌లో వినిపించే ‘పరీ’ అన్న పదానికీ చుట్టరికం ఉందని చాలామంది అనుకుంటారు. వినడానికి దగ్గరగా ఉన్నాయి కానీ వేర్లు వేరు. ఫెయిరీ లాటిన్‌లోని ‘ఫాతా’ నుంచి వచ్చింది. ఫాతా అంటే తలరాత రాసే దేవతలు. పుట్టిన బిడ్డ దగ్గరకు వచ్చి వాడి బతుకు ఎలా ఉండాలో నిర్ణయించేవాళ్లు. పెద్దవాళ్లు ‘నుదుటి రాత’ అన్నప్పుడు మన మనసులో మెదిలేదీ అదే. పుట్టిన ఆరో రోజున షష్ఠీదేవి వస్తుందని మన దేశంలో చాలాచోట్ల నమ్ముతారు. గ్రీసులో ఈ తలరాత దేవతలు మూడో రాత్రి వస్తారంటారు. నిద్రపోయే రాకుమారి కథ పాపకు తెలిసే ఉంటుంది. ఆ కథలో బారసాలకు ఫెయిరీలు వచ్చి దీవెనలు ఇవ్వడం ఈ పాత నమ్మకం మిగిల్చిన జాడే. జర్మనీలో జానపద కథలు సేకరించిన గ్రిమ్ సోదరుల కథలో రాజు దగ్గర బంగారు పళ్లాలు పన్నెండే ఉన్నాయి, ఆ మహిమ గల ఆడవాళ్లు పదముగ్గురు. పదమూడో ఆవిడను పిలవలేదు. పిలుపుల్లో ఒక చుట్టాన్ని మరిచిపోతే పెళ్లిలో ఏమవుతుందో మనకు ఒకరు చెప్పాలా?

పరీ సంగతి వేరు. పాత ఇరాన్‌లో ‘పైరికా’ అంటే చెడ్డ శక్తి, మాయలాడి. కాలం గడిచేకొద్దీ పారసీ కవుల చేతిలో ఆమె రెక్కలున్న సుందరి అయింది. అక్కడి నుంచి ఉర్దూలోకి, దక్కనీలోకి వచ్చింది. ఈ సంగతి పాపకు తప్పకుండా చెప్పండి: పదిహేడో శతాబ్దంలో మన గోల్కొండ కుతుబ్‌షాహీల దర్బారులో ఘవ్వాసీ అనే కవి దక్కనీలో సైఫుల్ ములూక్, బదీఉల్ జమాల్ కథను కావ్యంగా రాశాడు. ఈజిప్టు రాకుమారుడు ఒక పరీ రాకుమారి బొమ్మ చూసి, ఆమెను వెతుక్కుంటూ సముద్రాలు దాటి వెళ్లే కథ అది. మూల కథ అరబ్బులది, పరీ ఇరాన్‌ది, భాష మన ఊరిది. ఉప్పల్ నుంచి బస్సెక్కి గోల్కొండ చూపించి, “పరీ కథ ఇక్కడ నాలుగు వందల ఏళ్ల కిందటే చెప్పుకున్నారు” అనండి. ఆ పిల్ల కళ్లు ఎలా మెరుస్తాయో చూడండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇన్నేళ్లు కథలు చదివి, విని నాకు అర్థమైంది ఇది: ఏ దేశంలోనైనా ఈ చిన్నవాళ్లను, కనిపించనివాళ్లను జనం ఇరుగుపొరుగుగా చూశారు. వాళ్లు దేవుళ్లు కాదు, దయ్యాలు కాదు. పక్కింటివాళ్లలాంటివాళ్లు. వాళ్ల దారి వాళ్లది, మన దారి మనది. ఇద్దరి మధ్యా మర్యాదలున్నాయి. మర్యాద తప్పితే గొడవే.

అందులో మొదటి మర్యాద పేరు పెట్టి పిలవకపోవడం. ఐర్లండ్ పల్లెల్లో ఫెయిరీ అన్న మాట నోట రానిచ్చేవాళ్లు కాదు, ‘మంచివాళ్లు’ అనేవాళ్లు. వేల్స్‌లో ‘చక్కని కుటుంబం’ అంటారు. మా నాయనమ్మది మెదక్ వైపు పల్లె. చీకటి పడ్డాక ఆమె పాము అనే మాట అననిచ్చేది కాదు. “పురుగు అను బిడ్డా” అనేది. ఒంటి మీద పొక్కులు వస్తే రోగం పేరు చెప్పకుండా “అమ్మవారు పోసింది” అనేవాళ్లు. భయమూ గౌరవమూ కలిసిన చోట ప్రపంచమంతా ఇలాగే మాట్లాడుతుందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిసిన రోజు నాయనమ్మ బాగా గుర్తొచ్చింది.

రెండోది దారి ఇవ్వడం. ఫిలిప్పీన్స్‌లో పుట్టలో ఒక ముసలి పొట్టివాడు ఉంటాడని నమ్మకం. అందుకే పుట్ట పక్కనుంచి వెళ్లేటప్పుడు “తాబి తాబి పో” అంటారు, అంటే “కాస్త తప్పుకోండయ్యా, వెళ్తున్నాం” అని. మనం నాగుల చవితికి పుట్టలో పాలు పోసేవాళ్లం. పిల్లలకు ఆ పుట్టను తన్నొద్దని, దాని దగ్గర పాడు పనులు చేయొద్దని చెప్పేవాళ్లం. ఉన్న తేడా ఒకటే, వాళ్ల పుట్టలో ముసలాయన, మన పుట్టలో నాగన్న.

మూడోది అన్నం పెట్టడం. దీని మీద నాకు చాలా ఇష్టమైన కథ ఒకటుంది, నార్వే, డెన్మార్క్ వైపుది. అక్కడ ప్రతి రైతు ఇంటి కొట్టంలో ‘నిస్సె’ అనే ఎర్రటోపీ పొట్టివాడు ఉంటాడట. పశువుల్ని చూసుకుంటాడు, గుర్రాలకు మేత వేస్తాడు. క్రిస్మస్ ముందు రాత్రి వాడికి గిన్నెడు జావ, పైన వెన్నముద్ద వేసి పెట్టాలి. ఒక ఇంట్లో పనిపిల్ల వాణ్ని ఆట పట్టించాలని వెన్నను గిన్నె అడుగున పెట్టి పైన జావ పోసింది. నిస్సె వచ్చాడు, వెన్న కనబడలేదు. ఏడాదంతా చాకిరీ చేస్తే ఇదా నాకు దక్కింది అని కోపంతో కొట్టంలోకి వెళ్లి ఆ ఇంటి మంచి ఆవును కొట్టి చంపేశాడు. తిరిగొచ్చి ఆకలి ఆగక జావ తినడం మొదలుపెట్టాడు. అడుగున వెన్న తగిలింది. అప్పుడు వాడికి కలిగిన బాధ చూడాలి. రాత్రికి రాత్రి పక్క ఊరికి వెళ్లి అచ్చం అలాంటి ఆవునే తోలుకొచ్చి కొట్టంలో కట్టేశాడట. ఈ కథ చెప్పిన ప్రతిసారీ పిల్లలు “మరి పక్క ఊరివాళ్ల ఆవో?” అని అడుగుతారు. నా దగ్గర దానికి జవాబు లేదు, వాళ్లను ఆలోచించనిస్తాను.

స్కాట్లండ్‌లో ‘బ్రౌనీ’ అని ఇంకొకడు, రాత్రిళ్లు ఇల్లు ఊడ్చి పాలు చిలికి పెడతాడు. వాడికి బట్టలు పెడితే మాత్రం ఇల్లు వదిలి వెళ్లిపోతాడు. చెప్పులు కుట్టే ముసలాయనకు రాత్రిళ్లు సాయం చేసిన చిట్టివాళ్లు కూడా చొక్కాలు కుట్టి ఇవ్వగానే గంతులేస్తూ వెళ్లిపోయారు. ఎందుకు వెళ్తారన్నదానికి ఊరూరా ఒక్కో కారణం చెబుతారు. నాకు నచ్చిన కారణం ఒకటుంది: ఇష్టంతో చేసిన సాయానికి కూలి కట్టడం వాళ్లకు చిన్నతనం. జర్మనీలో కొలోన్ నగరంలో అయితే రాత్రిళ్లు వచ్చి పనులు చేసిపెట్టే ఇలాంటి చిట్టివాళ్లను ఒక దర్జీ భార్య ఎలాగైనా చూడాలని మెట్ల మీద బఠాణీలు చల్లింది. జారి పడ్డారు, మళ్లీ రాలేదు. ఆ ఊళ్లో వాళ్ల పేరున 1899లో కట్టిన ఫౌంటెన్ ఇప్పటికీ ఉంది. జపాన్ ఉత్తరాన పాత ఇళ్లలో ఐదారేళ్ల పిల్ల రూపంలో ఉండే ‘జషికి వరాషి’ ఉన్నంతకాలం ఇంటికి కలిమి, వెళ్లిపోతే ఇల్లు చితికిపోతుంది. “లక్ష్మి ఇల్లు దాటిపోయింది” అనే మాట వింటూ పెరిగిన పిల్లలకు ఈ కథ ఒక్క నిమిషంలో అర్థమవుతుంది.

ఇక బండరాళ్లు. ఇది హైదరాబాద్‌వాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవాల్సిన సంగతి. ఐస్‌లాండ్‌లో ‘హుల్దుఫోల్క్’ అంటే దాగినవాళ్లు. వాళ్లు రాళ్లలో, లావా గుట్టల్లో ఉంటారు. వాళ్ల పుట్టుక గురించి ఒక కథ ఉంది. ఆదిమాత ఈవ్ పిల్లలకు స్నానం చేయిస్తుండగా దేవుడు వచ్చాడట. ఇంకా స్నానం చేయని పిల్లల్ని ఆమె సిగ్గుపడి దాచేసింది. “నాకు కనబడకుండా దాచినవాళ్లు మనుషులకూ కనబడకుండానే ఉంటారు” అన్నాడట దేవుడు. ఆ దేశ రాజధాని పక్కన లావా నేల మీదుగా రోడ్డు వేయబోతే 2013లో జనం అడ్డం పడ్డారు. ప్రకృతిని కాపాడాలన్నవాళ్లు, దాగినవాళ్ల గుడి అక్కడుందన్నవాళ్లు కలిసే నిలబడ్డారు. చివరికి గుడి అనుకున్న ఆ బండను జాగ్రత్తగా పక్కకు జరిపి పెట్టారు. ఐర్లండ్‌లోని క్లేర్ జిల్లాలో లాటూన్ అనే చోట 1999లో ఒక ముళ్లచెట్టు కోసం ఇలాగే జరిగింది. అది ఫెయిరీల చెట్టని, నరికితే ఆ రోడ్డు మీద ప్రమాదాలు తప్పవని ఎడ్డీ లెనిహన్ అనే కథకుడు గట్టిగా చెప్పాడు. రోడ్డు వేసేవాళ్లు చెట్టును వదిలేశారు.

మన నగరం కిందా చుట్టూ ఉన్న గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు నిలబడ్డ ఆ గుండ్లు చూస్తే, వీటిలో ఎవరో ఉంటారని అనుకోవడం ఏమంత వింత కాదు. ఎండకు, వానకు రాయి పగుళ్ల వెంట అరిగి అలా మిగిలిందని పాపకు చెప్పండి, అది నిజం కాబట్టి. దాంతోపాటు, మనవాళ్లు అలాంటి గుండుకు పసుపు రాసి బొట్టు పెట్టి దండం పెట్టుకున్నారని కూడా చెప్పండి. వేపచెట్టు కింద పోచమ్మ గూడు, గుట్ట మీద దర్గా, వాటి కోసం రోడ్డు కాస్త వంపు తిరగడం మనం రోజూ చూసేదే. పోచమ్మ ఫెయిరీ అని నేను అనడం లేదు, ఆమె ఊరిని కాచే తల్లి. “ఈ చోటు మనదొక్కరిదే కాదు” అన్న భావన మాత్రం ఐస్‌లాండ్‌లో, మన బస్తీలో ఒక్కటే. బోడుప్పల్, ఖాజాగూడ, జూబ్లీహిల్స్ ఎక్కడ చూసినా గుండ్లు పగలగొట్టి అపార్ట్‌మెంట్లు కడుతున్నారు. మన రాళ్లను కాపాడాలని ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ 1996 నుంచి పోరాడుతోంది. రాళ్లలో ఎవరో ఉన్నారన్న భయం ఇంకాస్త మిగిలి ఉంటే బాగుండేదని నాకు చాలాసార్లు అనిపించింది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ. బ్రిటన్‌లో, ఉత్తర ఐరోపాలో చాలా ఊళ్లలో చెప్పుకుంటారు. ఒక మంత్రసాని ఉంది. అర్ధరాత్రి ఎవరో తలుపు తట్టి, మా ఇంట్లో నొప్పులు పడుతోంది, రమ్మన్నారు. వెళ్లింది. పెద్ద ఇల్లు, దీపాలు. పురుడు పోసింది. ఒక చిన్న బరిణె ఇచ్చి, ఈ లేపనం బిడ్డ కళ్లకు రాయి, నీ కంటికి మాత్రం తగలనీయకు అన్నారు. రాస్తుంటే ఆమె కన్ను దురద పెట్టింది. అనుకోకుండా ఆ వేలితోనే రుద్దుకుంది. వెంటనే ఆ ఒక్క కంటికి అసలు సంగతి కనబడింది. కొన్నిచోట్ల మేడ కాదది గుహ, పట్టుపరుపు కాదు ఎండుటాకులు అని చెబుతారు. ఏమీ అనకుండా ఇంటికి వచ్చేసింది. కొన్నాళ్లకు సంతలో అదే మనిషి దుకాణాల్లోంచి సరుకులు ఎత్తుకుపోతూ కనిపించాడు. ఇంకెవరికీ కనబడటం లేదు. ఈమె ఊరుకోకుండా “అమ్మాయి, బిడ్డ బాగున్నారా?” అని పలకరించింది. అతను “ఏ కంటితో చూస్తున్నావు నన్ను?” అన్నాడు. “దీంతో” అంది. అంతే, ఆ కన్ను పోయింది.

ఈ కథ మొదటిసారి చదివినప్పుడు నాకు మన అంజనం గుర్తొచ్చింది. పోయిన సొమ్ము, పాతిపెట్టిన ధనం చూడటానికి బొటనవేలి గోటి మీద నల్లటి కాటుక రాసి, పసిపిల్లవాణ్ని కూర్చోబెట్టి “ఏం కనిపిస్తోంది?” అని అడిగేవాళ్లు. అక్కడా ఇక్కడా కనబడనిదాన్ని చూడటానికి కంటి ముందో కంటిలోనో ఏదో పూయాలి. లేపనం అనగానే మన తెలుగులో ఇంకొకరు గుర్తు రావాలి. పదహారో శతాబ్దంలో అల్లసాని పెద్దన రాసిన మనుచరిత్రలో ప్రవరుడు కాళ్లకు సిద్ధుడిచ్చిన లేపనం పూసుకుని హిమాలయాలకు వెళ్తాడు. మంచు తగిలి లేపనం కరిగిపోతుంది. తిరిగి వచ్చే దారి లేదు. అక్కడ వరూధిని అనే అప్సరస కనిపిస్తుంది. ఐరోపా కథల్లో ఇలాంటి చోట మనిషి ఆ సుందరి వెంట వెళ్లిపోయి ఏడేళ్లు ఆమె లోకంలోనే ఉండిపోతాడు. మన ప్రవరుడు అడిగింది ఒక్కటే, మా ఊరికి దారేది అని. ఆమె ఎంత బతిమాలినా వినక, అగ్నిదేవుణ్ని ప్రార్థించి ఇల్లు చేరుకుంటాడు. ఇంటర్‌లో చదివినప్పుడు ఆయన మొండివాడనుకున్నాను. పాతికేళ్లు పాఠం చెప్పాక, ఇంటి మీద బెంగను అంత బలంగా చూపిన కథ ఇంకోటి లేదనిపిస్తోంది.

ఆ లోకంలో కాలం కూడా వేరు. ఐర్లండ్ వీరుడు ఓషీన్ మూడేళ్లనుకుని ఉంటే ఇక్కడ మూడు వందల ఏళ్లు గడిచాయి. మన భాగవతంలో కకుద్మి అనే రాజు కూతురు రేవతికి వరుణ్ని అడగడానికి ఆమెను వెంటబెట్టుకుని బ్రహ్మలోకం వెళ్తాడు. అక్కడ గంధర్వుల పాట నడుస్తోంది. అయ్యేదాకా కాసేపు ఆగాడు. తీరా అడిగితే, నువ్వు అనుకున్న వరులే కాదు, వాళ్ల మునిమనవల పేర్లూ మిగల్లేదయ్యా, ఇరవై ఏడు చతుర్యుగాలు గడిచాయి అన్నాడు బ్రహ్మ. చివరికి రేవతిని బలరాముడికి ఇచ్చారు. అప్పటి మనుషులు చాలా ఎత్తట, అందుకని బలరాముడు నాగలి కొనతో ఆమెను తన ఎత్తుకు తగ్గించాడని విష్ణుపురాణం. యుగాలు గడిచేకొద్దీ మనుషులు చిన్నబోతారన్నమాట. ఆ లెక్కన రేవతి కంటికి మనమంతా చిట్టి మనుషులమే.

ఇప్పుడు పాపకు చెప్పకూడని భాగం ఒకటి ఉంది, కానీ మీకు తెలియాలి. ఫెయిరీలు మనుషుల పిల్లల్ని ఎత్తుకుపోయి, వాళ్ల బదులు తమ ముసలి పొట్టివాణ్ని ఉయ్యాల్లో పెడతారని నమ్మేవాళ్లు. పాలు తాగినా ఎదగని బిడ్డ, మాట రాని బిడ్డ, ఎప్పుడూ ఏడ్చే బిడ్డ కనబడితే ఆ అనుమానం వచ్చేది. కథల్లో తల్లి గుడ్డు పెంకులో నీళ్లు కాస్తుంది. ఉయ్యాల్లోవాడు ఆ వింత చూసి “ఇన్ని వందల ఏళ్లలో గుడ్డు పెంకులో వంట చూడలేదు” అనేసి దొరికిపోతాడు. కథలో ఇది సరదాగానే ఉంటుంది. బయట అలా లేదు. జబ్బు చేసిన పిల్లల్ని చలిలో వదిలేశారు, నిప్పు దగ్గర పెట్టారు. 1895లో ఐర్లండ్ టిప్పరరీ జిల్లాలో బ్రిజెట్ క్లియరీ అనే యువతికి జబ్బు చేస్తే, ఆమె భార్య కాదు, ఆమె స్థానంలో వచ్చిన ఫెయిరీ అని భర్త అనుమానించాడు. బలవంతంగా ఆకుపసర్లు తాగించారు. చివరికి ఆమెను తగలబెట్టాడు. చుట్టూ బంధువులుండగానే ఇదంతా జరిగింది. కోర్టు అతనికి ఇరవై ఏళ్ల శిక్ష వేసింది.

మన దగ్గర పురిటి మంచం కింద ఇనుప ముక్కో కత్తో పెట్టేవాళ్లు, గుమ్మానికి వేపాకు కట్టేవాళ్లు. అక్కడా ఉయ్యాల మీద ఇనుప కత్తెర పెట్టేవాళ్లు. ప్రాచీన ఆయుర్వేద వైద్యుడు సుశ్రుతుడు పసిబిడ్డల్ని పట్టి పీడించే తొమ్మిది బాలగ్రహాల పేర్లు చెప్పాడు. పసిబిడ్డలు చేతుల్లోనే పోతున్న కాలంలో తల్లులు పడ్డ భయం ఈ నమ్మకాల్లో ఉంది. అందుకే నేను వాటిని తేలిగ్గా మాట్లాడను. కానీ అదే నమ్మకం ఒక మనిషి మీద అనుమానంగా మారితే ఏమవుతుందో మనకు తెలుసు. చేతబడి, బాణామతి అంటూ మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మన రాష్ట్రంలోనూ వస్తూనే ఉన్నాయి. పిల్లలకు పరీల కథలు చెప్పే మనం, ఇది కథ అని, జబ్బుకు డాక్టర్ దగ్గరకే వెళ్లాలని పెద్దయ్యాకైనా వాళ్లకు స్పష్టంగా చెప్పాలి. ఈ విషయంలో నేను ఎప్పుడూ రాజీపడను.

పాపకు చెప్పడానికి ఇంకో సరదా సంగతి ఉంది. మీ ఫోన్ బ్యాటరీలో ఒక పొట్టివాడి పేరుంది. జర్మనీ గనుల్లో ‘కోబోల్డ్’ అనే అల్లరివాడు ఉంటాడని పనివాళ్లు నమ్మేవాళ్లు. వెండి ఖనిజంలా మెరిసే రాయి ఒకటి దొరికేది. కరిగిస్తే వెండి రాకపోగా విషపు పొగ వచ్చేది, ఎందుకంటే అందులో ఆర్సెనిక్ ఉంది. వెండిని కోబోల్డ్ దొంగిలించి ఈ దగా రాయి పెట్టాడనుకున్నారు. పద్దెనిమిదో శతాబ్దంలో స్వీడన్ శాస్త్రవేత్త బ్రాంట్ అందులోంచి కొత్త లోహం తీస్తే, దానికి ఆ పొట్టివాడి పేరే కోబాల్ట్ అని నిలిచిపోయింది. నికెల్ కూడా అలా గనుల్లోని అల్లరివాడి పేరే.

ఇక “నిజంగా ఉంటారా?” దగ్గరకు వద్దాం. 1917లో ఇంగ్లండ్‌లోని కాటింగ్లీ అనే ఊళ్లో ఎల్సీ అనే పదహారేళ్ల అమ్మాయి, ఫ్రాన్సెస్ అనే తొమ్మిదేళ్ల అమ్మాయి, వరసకు అక్కాచెల్లెళ్లు, వాగు దగ్గర ఫెయిరీలతో ఫొటోలు తీసుకున్నారు. షెర్లాక్ హోమ్స్ కథలు రాసిన కానన్ డాయిల్ వాటిని నమ్మి 1920లో పత్రికలో రాశాడు. ప్రపంచమంతా చర్చ. దాదాపు అరవై ఆరేళ్ల తర్వాత, 1983లో, ముసలివాళ్లయ్యాక వాళ్లు ఒప్పుకున్నారు: అవి కాగితం మీద గీసి కత్తిరించి, టోపీ పిన్నులతో నిలబెట్టిన బొమ్మలు. ఫ్రాన్సెస్ మాత్రం ఐదో ఫొటో నిజమైనదేనని చివరిదాకా అంది. డాయిల్‌ను చూసి నవ్వాలని నాకు ఎప్పుడూ అనిపించలేదు. ఆయన కొడుకును, తమ్ముణ్ని పోగొట్టుకున్న మనిషి. కనబడని లోకం ఒకటి ఉండాలని అలాంటివాళ్లు కోరుకుంటారు.

నన్ను పిల్లలు అడిగితే నేను ఇలా చెబుతాను: “వాళ్లను నేను చూడలేదు. కథల్లో ఉన్నారు. ఆ కథలు చెప్పుకున్న మనుషులు మాత్రం నిజంగా ఉన్నారు, వాళ్లలో మా నాయనమ్మ ఒకతి.” ఏడేళ్ల పిల్లకు ఇది సరిపోతుంది. “లేరు పో” అని కొట్టిపారేయొద్దు, “ఉన్నారు, పన్ను ఊడితే డబ్బు పెడతారు” అని అబద్ధమూ చెప్పొద్దు. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంటగంటకూ తలుపు తీసుకుని బయటకు వచ్చి గంట కొట్టే గడియారం చిట్టి మనిషిని చూపించండి. అది యంత్రమని అక్కడ కూర్చున్న ప్రతి పిల్లకూ తెలుసు. అయినా అందరూ ఊపిరి బిగబట్టి చూస్తారు. పాపకు నేను చెప్పాలనుకున్నది అదే, మాటలతో చెప్పడం కష్టం.

చివరగా వేషం. రెక్కలు కొనకండి. వాలఖిల్యుల వేషం వేయండి. బొటనవేలి కణుపంత ఉండే మునులు, అరవై వేల మంది అని పురాణాలు చెబుతాయి. మహాభారతంలో కశ్యపుడు కొడుకు కోసం యజ్ఞం చేస్తుంటే అందరూ సమిధలు తెచ్చారు. ఇంద్రుడు కొండంత కట్టెల మోపు ఎత్తుకొచ్చాడు. దారిలో వాలఖిల్యులు అందరూ కలిసి ఒకే ఒక్క మోదుగాకు కాడను మోసుకొస్తూ, ఆవు గిట్ట దిగిన గుంటలో నిలిచిన నీళ్లలో పడి ఈదలేక అవస్థ పడుతున్నారు. ఇంద్రుడు నవ్వి వాళ్లను దాటుకుని వెళ్లిపోయాడు. ఆ చిన్నవాళ్లకు కోపం వచ్చింది. నీకంటే బలమైన ఇంకో ఇంద్రుణ్ని పుట్టిస్తామని హోమం మొదలుపెట్టారు. ఇంద్రుడు వణికిపోయి కశ్యపుడి కాళ్ల మీద పడ్డాడు. కశ్యపుడు వాళ్లను బతిమాలి, ఆ పుట్టేవాణ్ని పక్షులకు ఇంద్రుణ్ని చేయమన్నాడు. అలా పుట్టినవాడే గరుత్మంతుడు. తర్వాత ఒకనాడు ఆయన కూర్చున్న మర్రికొమ్మ విరిగితే, దానికి తలకిందులుగా వేలాడుతూ తపస్సు చేసుకుంటున్న వాలఖిల్యులు కనబడ్డారు. వాళ్లకు దెబ్బ తగలకూడదని ఆ కొమ్మను ముక్కున కరుచుకుని ఎగురుతూనే ఉండిపోయాడు.

పాపకు ముగ్గురు నలుగురు స్నేహితులుంటే కలిసి వేయమనండి. కాషాయం పంచె ముక్కలు, దూదితో గడ్డాలు చాలు. పెద్ద అట్టతో నలుగురూ కలిసి మోసేంత మోదుగాకు చేయండి, ఆకు అంత పెద్దగా ఉంటేనే పిల్లలు బొటనవేలంత కనిపిస్తారు. బొమ్మ గీసే ముందు పాపను తీసుకెళ్లి నిజం మోదుగ చెట్టును చూపించండి, నగరం దాటితే ఎక్కడైనా ఉంటుంది, విస్తళ్లు కుట్టేది ఆ ఆకుతోనే. ఒకే కాడకు మూడు ఆకులుండాలి, మోదుగ గుర్తు అదే.